పింగ్ వస్తోంది, బ్యాంకు మాత్రం రావట్లేదు

ఒకటో తారీఖు, ఉదయం 9:38. హైదరాబాద్‌లో ఒక టెలికాం ప్రొవైడర్ నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్. మీరు షిఫ్టులోకి వచ్చి పట్టుమని పది నిమిషాలు కాలేదు. ఎదురుగా గోడ నిండా తెరలు. చేతిలో టీ. రాత్రి షిఫ్టు వాళ్లు ఇంకా బ్యాగులు సర్దుకుంటున్నారు.

ఎడమవైపు తెర మీద ఒక గీత ఎర్రబడుతుంది. హైదరాబాద్–విజయవాడ.

టీ కింద పెట్టేలోపే ఫోను మోగుతుంది. కోదాడ దగ్గర రోడ్డు పనుల్లో జేసీబీ ఫైబర్‌ను లేపేసింది. ఫీల్డు కుర్రాడి గొంతు వెనక ఇంకా ఆ జేసీబీ చప్పుడు వినిపిస్తూనే ఉంది. "కేబుల్ మొత్తం తెగిపోయింది సార్. స్ప్లైసింగ్ టీమ్ బయల్దేరింది. మూడు గంటలైనా పడుతుంది సార్."

మీకు కంగారు లేదు. ఇలాంటి రోజు కోసమే రెండో దారి ఉంది. హైదరాబాద్ నుంచి వరంగల్, ఖమ్మం మీదుగా రాజమండ్రి, అక్కణ్నుంచి విశాఖ. ఖమ్మం–రాజమండ్రి లింకు పోయిన నెలే వేశారు. మీరు చూస్తుండగానే రౌటర్లు ఓఎస్‌పీఎఫ్‌తో కొత్త దారి లెక్క కట్టేసుకుంటాయి. మ్యాపు మీద బాణాలు వరంగల్ వైపు తిరుగుతాయి. హైదరాబాద్ రౌటర్ నుంచి విశాఖ రౌటర్‌కు పింగ్ కొడతారు. ఐదు ప్యాకెట్లు పంపితే ఐదూ తిరిగొస్తాయి.

హమ్మయ్య అనుకుంటారు. మళ్లీ ఫోను. ఈసారి బ్యాంకు.

"అండీ, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మా బ్రాంచీలన్నీ డౌన్. ఒక్కటీ డేటా సెంటర్‌కు కనెక్ట్ కావట్లేదు. ఇవాళ పెన్షన్ల రోజు. పదింటికి తలుపులు తీయాలి. పెద్దవాళ్లు అప్పుడే వచ్చి మెట్ల మీద కూర్చున్నారు."

గడియారం 9:44.

బ్యాంకు డేటా సెంటర్ నుంచి వచ్చే తీగ తగిలేది హైదరాబాద్‌లోని మీ అంచు రౌటర్‌కే. దీన్ని పీఈ అంటారు. ఇందులోకి లాగిన్ అవుతారు. ఒకే పెట్టె అయినా లోపల వందల మంది కస్టమర్లు. ఒక్కొక్కరికీ విడివిడిగా ఒక రూటింగ్ టేబుల్. దాని పేరు వీఆర్ఎఫ్. మీరు బ్యాంకు వీఆర్ఎఫ్ తెరుస్తారు. శ్రీకాకుళం బ్రాంచి 10.1.1.0/24 అక్కడే ఉంది. విశాఖ పీఈ మీదుగా వెళ్లమని చెబుతోంది. రూట్లు ఇచ్చిపుచ్చుకునే బీజీపీ సెషన్ నిలబడే ఉంది, ఒక్క క్షణం కూడా పడలేదు.

రూటు ఉంది. బీజీపీ ఉంది. కోర్‌లో పింగ్ వస్తోంది. అయినా బ్యాంకు లేదు.

షిఫ్టు మేనేజర్ మీ కుర్చీ వెనక్కి వచ్చి నిలబడతాడు. "విశాఖ పీఈ ఏదో హ్యాంగ్ అయినట్టుంది బాబూ. రీలోడ్ కొట్టేద్దామా?"

ఆ మాటకు మీ వేళ్లు ఒక్కసారి ఆగుతాయి. రీలోడ్ సులువు. ఒక్క పదం, ఒక్క ఎంటర్. కానీ దానికి ముందు విశాఖలోకి వెళ్లి చూడాలి. వెళతారు. అక్కడ బ్యాంకు వీఆర్ఎఫ్ పక్కనే ఒక ఆస్పత్రి వీఆర్ఎఫ్ ఉంది. తెరిస్తే అందులోనూ 10.1.1.0/24!

బ్యాంకు బ్రాంచికీ ఆస్పత్రికీ ఒకే అడ్రసు ఎలా వచ్చింది? ఎందుకంటే 10తో మొదలయ్యే అడ్రసులు ఎవరి సొత్తూ కావు. 1996లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 1918 వాటిని లోపలి వాడకానికి అందరికీ వదిలేసింది. అందరూ వాడుకున్నారు. అలా ఒకేలా ఉన్న అడ్రసులను ఒకే ప్రొవైడర్ తీగ మీద కలవకుండా మోయడం ఎలాగన్నది ఆ తర్వాతి ప్రశ్న. 1999 మార్చిలో ఆర్ఎఫ్‌సీ 2547 దానికి జవాబిచ్చింది. రాసినవాళ్లు ఎరిక్ రోసెన్, యాకోవ్ రెక్టర్. ఆ 1918 పత్రం రాసినవాళ్లలోనూ రెక్టర్ ఉన్నారు. ఆ జవాబే 2006లో ఆర్ఎఫ్‌సీ 4364గా స్థిరపడింది. మీ తెర మీద ఇప్పుడు కనిపిస్తున్నది అదే.

దగ్గరగా చూడండి. బీజీపీ టేబుల్‌లో ఆ అడ్రసు ఒంటరిగా లేదు. బ్యాంకుదాని ముందు 64512:100, ఆస్పత్రిదాని ముందు 64512:200 అని ఉన్నాయి. దీన్ని రూట్ డిస్టింగ్విషర్ అంటారు. 8 బైట్లు. 4 బైట్ల అడ్రసుకు ఇది ముందు చేరితే 12 బైట్ల అడ్రసు అవుతుంది. ఇక రెండు 10.1.1.0లూ బీజీపీకి రెండు వేర్వేరు రూట్లే. కిందే రూట్ టార్గెట్ అని ఇంకో నంబరు. ఏ రూటు ఏ వీఆర్ఎఫ్‌లోకి దిగాలో చెప్పేది ఇది. ఇక్కడ ఒక్క అంకె తప్పు కొట్టారా, బ్యాంకు రూట్లు ఆస్పత్రి టేబుల్‌లో తేలతాయి. కస్టమర్లిద్దరి మధ్య ఉన్న గోడ అంతా ఈ నంబర్లే. అందుకే ఈ లైన్లను ముట్టుకునే ముందు ఎవరైనా రెండుసార్లు చదవాలి.

మీరు ముట్టుకోరు. అవి సరిగ్గానే ఉన్నాయి.

ఆస్పత్రి రెండు భవనాలూ విశాఖలోనే, ఇదే పీఈకి తగులుకుని ఉన్నాయి. ఒకదాన్నుంచి ఇంకోదానికి పోయే ట్రాఫిక్ ఈ పెట్టె దాటి బయటికే రాదు. ప్యాకెట్ కౌంటర్లు చూస్తారు. గబగబా పెరుగుతున్నాయి. అంటే ఈ రౌటర్ బతికే ఉంది, పని చేస్తోంది. ఇప్పుడు రీలోడ్ కొడితే బ్యాంకు ఎలాగూ రాదు, ఆస్పత్రి కూడా పోతుంది.

"వద్దు సార్," అంటారు మీరు. "పీఈ బాగానే ఉంది. తేడా మధ్యలో ఎక్కడో ఉంది."

మేనేజర్ ఏమీ అనడు. గడియారం వైపు చూస్తాడు. 9:49.

హైదరాబాద్‌కు తిరిగి వస్తారు. ఈసారి పింగ్ కోర్ నుంచి కోర్‌కు కాదు, బ్యాంకు వీఆర్ఎఫ్ లోపలి నుంచి శ్రీకాకుళానికి. తెర మీద ఒక్కో చుక్కే పడుతుంది. ఐదు చుక్కలు. ఐదూ పోయాయి.

ఇప్పుడు ఆ ప్యాకెట్ వెంట మీరే నడవాలి. ఇక్కడి నుంచి బయల్దేరేటప్పుడు దాని మీద రెండు ఎంపీఎల్ఎస్ లేబుళ్లు పడుతున్నాయని రౌటర్ చూపిస్తోంది. లోపలిది 518. పైది 3012.

518ని ఇచ్చింది విశాఖ పీఈ. "ఈ నంబరుతో వస్తే అది బ్యాంకుది, నేను శ్రీకాకుళం తీగ మీద దింపుతాను" అని బీజీపీలో రూటుతోపాటే చెప్పి పంపింది. దాని అర్థం విశాఖకు తప్ప దారిలో ఇంకెవరికీ తెలియదు. 3012ని ఇచ్చింది వరంగల్. "విశాఖ పీఈకి పోవాలంటే నాకు ఈ నంబరుతో ఇవ్వు" అని ఎల్‌డీపీ ద్వారా చెప్పింది. వరంగల్ ఆ 3012 తీసేసి, ఖమ్మం తనకు చెప్పిన నంబరు అంటించి ముందుకు తోస్తుంది. పై లేబుల్ మజిలీ మజిలీకి మారుతుంది. లోపలి 518 మాత్రం విశాఖ దాకా కదలదు. రైల్వే మెయిల్ సర్వీసులో తపాలా సంచులు సర్దేవాళ్లు సంచికి కట్టిన చీటీ చూస్తారే తప్ప లోపలి ఉత్తరాల అడ్రసులు చదవరు. మధ్యలోని కోర్ రౌటర్లదీ అదే పద్ధతి. వరంగల్ రౌటర్‌లో వెతకండి. బ్యాంకు పేరు లేదు, ఆస్పత్రి పేరు లేదు, 10.1.1.0 అసలే లేదు. కస్టమర్లు వెయ్యి మంది పెరిగినా వాళ్ల రూట్ల బరువు వరంగల్ మీద పడదు. ఈ డిజైన్‌లో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే.

కానీ చీటీ ఊడిన సంచి ఎక్కడికి పోతుంది?

మీకు అనుమానం వచ్చింది. మామూలు పింగ్ పక్కన పెట్టి ఎల్ఎస్‌పీ పింగ్ కొడతారు. ఇది లేబుళ్ల దారిలోనే పోతుంది. దీని గమ్యం అడ్రసు 127తో మొదలవుతుంది. ఆ అడ్రసును ఏ రౌటరూ మామూలు ఐపీ దారిలో పంపదు. కాబట్టి దారిలో లేబుల్ ఊడిపోతే ఆ ప్యాకెట్ అక్కడే దొరికిపోతుంది.

ఎంటర్.

బీ బీ బీ బీ బీ.

ఐదు ప్రశ్నలకూ ఒకే అక్షరం. దాని అర్థం తెర మీదే రాసి ఉంది: బయటికి పోయే ఇంటర్‌ఫేస్‌కు లేబుల్ లేదు.

ఎక్కడ? ట్రేస్ కొడతారు. వరంగల్ బాగుంది. ఖమ్మం. బీ.

ఖమ్మం రౌటర్‌లోకి దూకుతారు. లేబుల్ టేబుల్ తెరుస్తారు. విశాఖ పీఈ కోసం వెతుకుతారు. లోపలికి వచ్చే లేబుల్ 3047. బయటికి పోయే లేబుల్ ఉండాల్సిన చోట రెండు పదాలు: నో లేబుల్.

మరి పొద్దుటి పింగ్ ఎలా వచ్చింది? ఇందాక మీరు కోర్ నుంచి కొట్టిన పింగ్‌కు ఉన్నది ఒకే లేబుల్. ప్రతి లేబుల్‌లోనూ 32 బిట్లు ఉంటాయి. 20 బిట్లు నంబరుకు, 3 ప్రాధాన్యానికి, 8 టీటీఎల్‌కు. మిగిలిన ఒక్క బిట్ "నా కింద ఇంకేమీ లేదు" అని చెప్పడానికి. పింగ్ మీది లేబుల్‌లో ఆ బిట్ 1. ఖమ్మం దాన్ని తీసేసింది. కింద మామూలు ఐపీ ప్యాకెట్ కనబడింది. విశాఖ దారి తెలుసు కాబట్టి పంపేసింది. బీజీపీ ప్యాకెట్లూ అలాగే దాటిపోతున్నాయి. అందుకే అన్నీ పచ్చగా కనిపిస్తున్నాయి. బ్యాంకు ప్యాకెట్‌కు పై లేబుల్ తీస్తే కింద 518 ఉంది. ఖమ్మానికి 518 అంటే ఏమిటో తెలియదు. పారేస్తోంది.

ఇంతసేపూ మిమ్మల్ని తప్పుదారి పట్టించింది ఆ ఐదు పింగ్‌లే.

9:53.

ఖమ్మంలో ఓఎస్‌పీఎఫ్ పొరుగువాళ్లను అడుగుతారు. వరంగల్, రాజమండ్రి. ఇద్దరూ ఉన్నారు. ఎల్‌డీపీ పొరుగువాళ్లను అడుగుతారు. వరంగల్ ఒక్కటే.

రాజమండ్రి లేదు.

ఎల్‌డీపీ డిస్కవరీ చూస్తారు. వరంగల్ వైపు ఇంటర్‌ఫేస్ పక్కన ఎక్స్‌మిట్, రిసీవ్ అని రెండు మాటలు. రాజమండ్రి వైపు ఎక్స్‌మిట్ ఒక్కటే. ఖమ్మం 646 పోర్టు మీద ఐదు సెకన్లకోసారి "నేనున్నాను" అని పిలుస్తోంది. అటు నుంచి పలుకు లేదు. నెల రోజులుగా పిలుస్తూనే ఉంది. మెయిన్ లింకు బాగున్నన్నాళ్లూ ఈ దారిన ఎవరూ రాలేదు. ఎవరికీ తెలియలేదు.

రాజమండ్రిలోకి వెళతారు. ఖమ్మం వైపు ఇంటర్‌ఫేస్ కాన్ఫిగరేషన్. ఐపీ అడ్రసు ఉంది. ఓఎస్‌పీఎఫ్ ఉంది. రెండు పదాల లైన్ ఒకటి లేదు: ఎంపీఎల్ఎస్ ఐపీ.

ఇక్కడ తొందర వద్దు. ఉత్తరాంధ్రకు పోయే ట్రాఫిక్ మొత్తం ఇప్పుడు ఈ పెట్టె మీదే ఉంది. విశాఖ వైపు ఇంటర్‌ఫేస్ కూడా ఇక్కడే, పేరులో ఒక్క అంకె తేడా. అత్యవసర మార్పు అని చెప్పి మేనేజర్ అనుమతి తీసుకుంటారు. ఇంటర్‌ఫేస్ పేరు పైకి చదువుతారు. ఆయనా చదువుతాడు. ఇద్దరి నంబరూ ఒకటే.

టైప్ చేస్తారు.

ఎంటర్.

ఒకటి. రెండు. మూడు. నాలుగు.

ఖమ్మం పిలుపు అందింది. రెండు రౌటర్ల మధ్య టీసీపీ సెషన్ లేచింది. లేబుళ్లు ఇచ్చి పుచ్చుకుంటున్నాయి. లాగ్‌లో ఒక లైన్: ఎల్‌డీపీ నైబర్ అప్. ఖమ్మం టేబుల్ మళ్లీ తెరుస్తారు. నో లేబుల్ ఉన్న చోట 2290.

బ్యాంకు వీఆర్ఎఫ్ నుంచి పింగ్. ఐదు ఆశ్చర్యార్థకాలు. సిస్కో పెట్టెల్లో అవే విజయం గుర్తు.

9:57. రాజమండ్రి పై లేబుల్ తీసేసి 518 ఒక్కదానితోనే విశాఖకు అందిస్తోంది. అలా తీసేయమని విశాఖే ముందుగా చెప్పి ఉంచింది. ఆఖరి మజిలీలో రెండు లేబుళ్లు విప్పే పని పీఈకి తప్పుతుంది. విశాఖ 518 చూసింది, బ్యాంకు అనుకుంది, శ్రీకాకుళం తీగ మీద దింపింది.

మీరు చల్లారిన టీ అందుకుంటారు. 10:03కు ఫోను.

"అండీ, పింగ్ వస్తోంది. ఏటీఎంలు కూడా పని చేస్తున్నాయి. కౌంటర్‌లో సాఫ్ట్‌వేర్ మాత్రం సగం పేజీ వచ్చి ఆగిపోతోంది. లోపల నలభై మంది ఉన్నారు."

చిన్న ప్యాకెట్లు పోతున్నాయి. పెద్దవి పోవట్లేదు. ఈ లక్షణం ఒకసారి చూసినవాళ్లు మరిచిపోరు. పింగ్ సైజు 1500 పెడతారు, ముక్కలు చేయొద్దని డీఎఫ్ బిట్ పెడతారు. చుక్కలు. 1400. వచ్చింది. 1480. వచ్చింది. 1492. వచ్చింది. 1493.

చుక్క.

1492కు 8 కలిపితే 1500. ఒక్కో లేబుల్ 4 బైట్లు, రెండు లేబుళ్లకు 8. ఖమ్మం, రాజమండ్రి రౌటర్లలో ఆ అదనపు చోటు ఇచ్చారు. వాటి మధ్య ట్రాన్స్‌మిషన్ వాళ్ల ఈథర్నెట్ స్విచ్ ఉంది. అది 1500 దగ్గరే గీత గీసుకుని కూర్చుంది. దాటినవాటిని చప్పుడు చేయకుండా పారేస్తోంది. పంపినవాడికి కబురు కూడా వెళ్లదు. ఏటీఎం లావాదేవీ చిన్నది, దూరిపోతుంది. కౌంటర్ పేజీ పెద్దది, పట్టదు.

ట్రాన్స్‌మిషన్ డెస్క్‌కు ఫోన్ చేస్తారు. అవతల ఉన్నది మీకు తెలిసిన మనిషే. "అన్నా, ఖమ్మం–రాజమండ్రి స్విచ్‌లో ఫ్రేమ్ సైజు పెంచాలి. 9216 చేస్తావా?"

"చేస్తాను తమ్ముడూ. కానీ పోర్టు ఒకసారి పడి లేస్తుంది. పర్లేదా?"

ఉన్నది ఒక్కటే దారి. అది పడితే ఏటీఎంలూ పోతాయి. పోర్టు లేచాక ఓఎస్‌పీఎఫ్ లేవాలి, ఎల్‌డీపీ లేవాలి. ఎంతకాదన్నా ఒకటి రెండు నిమిషాలు. పడగొట్టకపోతే ఫైబర్ కలిసేదాకా కౌంటర్లు మూతే. బెంచీల మీద కూర్చున్న పెద్దవాళ్లు మధ్యాహ్నం దాకా అలాగే ఉంటారు.

బ్యాంకు వాళ్లను లైన్‌లోకి తీసుకుంటారు. ఉన్నది ఉన్నట్టు చెబుతారు. "రెండు నిమిషాలు అన్నీ ఆగుతాయి సార్. ఆ తర్వాత అన్నీ రావాలి."

"కానివ్వండి."

"అన్నా, కొట్టు."

గీత ఎర్రబడింది.

ఎవరూ మాట్లాడటం లేదు. గీత ఇంకా ఎర్రగానే ఉంది. పోర్టు లేచింది. ఓఎస్‌పీఎఫ్ లేచింది. ఎల్‌డీపీ... లేచింది. మీరు 1500 సైజుతో, డీఎఫ్ బిట్‌తో పింగ్ కొడతారు.

ఐదుకు ఐదు.

10:14. లైన్ అవతల ఎవరో "పేజీ వచ్చింది, పేజీ వచ్చింది" అంటున్నారు. బ్యాంకు ఐటీ మనిషి గొంతు తేలికపడుతుంది. వెంటనే ఒక ప్రశ్న వేస్తాడు. మంచి ప్రశ్నే. "మా డేటా ఇప్పుడు వేరే ఊళ్ల మీదుగా పోతోంది కదండీ. వీపీఎన్ కాబట్టి ఎవరూ చదవలేరు కదా?"

దీనికి మొహమాటపడకుండా నిజం చెప్పాలి. ఈ వీపీఎన్ వేరు చేస్తుంది, తాళం వేయదు. లేబుళ్లు బ్యాంకు ట్రాఫిక్‌ను ఆస్పత్రి ట్రాఫిక్‌లో కలవనివ్వవు. కానీ ప్యాకెట్ లోపలిది ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. తీగ దగ్గర చేయి పెట్టగలిగినవాడు చదవగలడు. ఎన్‌క్రిప్షన్ కావాలంటే బ్యాంకు తన రౌటర్ల మధ్య ఐపీసెక్ పెట్టుకోవాలి, లేదా అప్లికేషన్‌లోనే చేసుకోవాలి. ప్రైవేట్ అన్న మాట చూసి ఎన్‌క్రిప్షన్ మానేసే కస్టమర్లకు ఈ సంగతి చెప్పాల్సింది ప్రొవైడరే. అడిగేదాకా ఆగకూడదు.

"మా దాంట్లో ఐపీసెక్ ఉందండీ," అంటాడు ఆయన. మంచిది.

ఇప్పుడు షిఫ్టు లాగ్ తెరవండి. రాజమండ్రిలో ఒక లైన్ మరిచిపోయారని ఒక్క మాట రాసి మూసేయకండి. చేత్తో ఒక్కో ఇంటర్‌ఫేస్‌కు రాసుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట మరుపు ఖాయం. ఓఎస్‌పీఎఫ్ ఉన్న ప్రతి కోర్ ఇంటర్‌ఫేస్‌లోనూ ఎల్‌డీపీ దానంతటదే లేచేలా ఆటోకాన్ఫిగ్ పెట్టమని రాయండి. 2009లో ఆర్ఎఫ్‌సీ 5443 చెప్పిన ఎల్‌డీపీ–ఐజీపీ సింక్ కూడా పెట్టమనండి. ఎల్‌డీపీ లేచేదాకా ఆ లింకును ఎక్కువ ఖర్చు దారిగా చూపించి, వేరే దారి ఉంటే ట్రాఫిక్‌ను అటు తిప్పుతుంది. ఇవాళ వేరే దారి లేదు కాబట్టి అదొక్కటే ఉన్నా మనల్ని కాపాడేది కాదు. అది కూడా రాయండి. లేకపోతే సింక్ పెట్టేశాం కదా అని అందరూ నిశ్చింతగా ఉంటారు.

మీ నెట్‌వర్క్‌లోనూ వేసి ఉంచిన బ్యాకప్ లింకు ఒకటి ఉండే ఉంటుంది, ఇంకా ట్రాఫిక్ ఎక్కనిది. మెయిన్ లింకు బాగున్నప్పుడే, ఇవాళే, ఆ రెండు చివర్ల మధ్య ఎల్ఎస్‌పీ పింగ్ కొట్టి చూడండి. పూర్తి సైజుతో కొట్టండి.